జనాభా వేగంగా పెరిగితే దేశం మీద పడే బరువెంత? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. మా మిల్లులో బస్తాలు మోసేవాళ్లు దాదాపు అందరూ బీహార్ వాళ్లే. ధాన్యం తెచ్చిన రైతులు కాటా దగ్గర నిలబడి "వీళ్లు ఇంత దూరం ఎందుకొస్తారు సార్, వాళ్ల ఊళ్లో పనుండదా" అని అడుగుతూనే ఉంటారు. దానికి జవాబు చెప్పబోతే జనాభా దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది, అక్కడికి వెళ్తే ఇంకో పది ప్రశ్నలు పుట్టుకొస్తాయి. ఇన్నేళ్లలో నన్ను అడిగినవి, నేను చదివి తెలుసుకున్నవి ఇక్కడ ఒకచోట పెట్టాను. ఎక్కువగా మన దేశం సంగతే, మధ్యలో పక్క దేశాల ముచ్చట కూడా వస్తుంది.

మన జనాభా నిజంగా ఎంత వేగంగా పెరిగింది?

1951 జనగణనలో 36 కోట్లు. 1971లో దాదాపు 55 కోట్లు. 1991లో 84 కోట్లు దాటింది. 2011లో 121 కోట్లు. అంటే అరవై ఏళ్లలో మూడింతలకు పైగా. 1961 నుంచి 1971 వరకు ఆ ఒక్క పదేళ్లలోనే దాదాపు 25 శాతం పెరిగాం, అంటే నలుగురున్న చోట ఐదుగురయ్యారు. 2023లో చైనాను కూడా దాటేశాం.

దానికి ముందు మాత్రం ఇలా లేదు. 1911 నుంచి 1921 మధ్య మన జనాభా పెరగకపోగా కొంచెం తగ్గింది. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. అందుకే 1921ని జనాభా లెక్కల వాళ్లు పెద్ద మలుపుగా చెప్తారు. ఆ తర్వాత ఇక వెనక్కి తగ్గింది లేదు.

ఎందుకంత పెరిగింది? మనవాళ్లు ఒక్కసారిగా ఎక్కువమందిని కనడం మొదలుపెట్టారా?

లేదు. కనడం ఎప్పటిలాగే ఉంది, చావులు తగ్గాయి. మా ఇంటి లెక్కే చెప్తా. మా నాయనమ్మ వాళ్ల అమ్మకు ఎనిమిది కాన్పులైతే మిగిలింది ఇద్దరు. మా నాయనమ్మకు తొమ్మిది కాన్పులు, ఏడుగురు బతికారు. మధ్యలో జరిగిందల్లా మశూచి టీకా వచ్చింది, మలేరియా మీద డీడీటీ కొట్టారు, ఊరికి మందులు వచ్చాయి, కరువొస్తే గంజి కేంద్రమన్నా పెట్టేవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మనిషి సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు, ఇప్పుడు 70కి అటూ ఇటూ. ఇంతకంటే మంచి మార్పు ఇంకోటి లేదు, దాన్ని ఎవరూ తప్పుపట్టకూడదు.

సమస్య ఎక్కడొచ్చిందంటే, పిల్లలు బతుకుతారన్న నమ్మకం తల్లిదండ్రులకు కుదరడానికి ఒక తరం పడుతుంది. "నలుగురు పోతే ఇద్దరన్నా మిగలాలి" అనుకుని కన్న అలవాటు ఒక్కరోజులో పోదు. ఆ మధ్యకాలంలోనే జనాభా ఎగిరిపోతుంది. ప్రపంచంలో ఏ దేశమైనా ఈ దారిలోంచే వచ్చింది. యూరప్ దేశాలకు ఆ మార్పు నెమ్మదిగా, వందేళ్లకు పైగా పట్టింది, మనకు ముప్పై నలభై ఏళ్లలో మీద పడింది.

ప్రతి నోటితో పాటు రెండు చేతులు కూడా పుడతాయి కదా, మరి బరువెలా అవుతుంది?

చాలామంది ఈ మాట అంటారు, అందులో నిజముంది. కానీ నోరు పుట్టిన రోజు నుంచే అడుగుతుంది, చేతులు సంపాదించడానికి ఇరవై ఏళ్లు కావాలి. ఆ ఇరవై ఏళ్లు పాలు, టీకాలు, బడి, బట్ట, రోగమొస్తే డాక్టరు, ఇదంతా ఎవరో ఒకరు ముందే పెట్టుబడి పెట్టాలి. ఇంట్లో అమ్మానాన్న, దేశంలో ప్రభుత్వం.

1958లో కోల్, హూవర్ అని ఇద్దరు అమెరికన్ పండితులు మన దేశాన్నే తీసుకుని లెక్క కట్టారు. వాళ్లు చెప్పింది సూటిగా ఇదే: పిల్లల సంఖ్య వేగంగా పెరిగితే పొదుపంతా ఉన్నవాళ్లను సాకడానికే అయిపోతుంది, కొత్త కాలువ తవ్వడానికి, కొత్త ఫ్యాక్టరీ కట్టడానికి, ఉన్న బడిని మెరుగుపరచడానికి ఏమీ మిగలదు. ఐదొందల మంది పిల్లలున్న ఊళ్లో పదేళ్లకు ఆరొందలైతే, ఆ పదేళ్లూ ఖర్చు పెట్టి కట్టిన గదులన్నీ ఎక్కువైన వందమందికే పోతాయి, మిగతావాళ్లు అదే పెంకుల కింద, అదే మాస్టారి ముందు.

ఇంకోలా చెప్తా. 1950 నుంచి 1980 దాకా మన దేశ ఆదాయం ఏటా దాదాపు మూడున్నర శాతం పెరిగింది. జనాభా రెండు శాతానికి పైనే పెరిగింది. మనిషికి మిగిలింది ఒకటిన్నర శాతం లోపు. ఆ లెక్కన ఒక మనిషి ఆదాయం రెట్టింపు కావడానికి యాభై ఏళ్లు పడుతుంది. జనాభా పెరగకుండా అదే మూడున్నర శాతం వచ్చుంటే ఇరవై ఏళ్లలో రెట్టింపయ్యేది. ముప్పై ఏళ్ల తేడా, అంటే ఒక తరం మొత్తం.

అయితే ఆ రోజుల్లో మనం వెనకబడ్డానికి జనాభా ఒక్కటే కారణమని నేననను. పరిశ్రమల విధానం, బడుల మీద తక్కువ ఖర్చు, యుద్ధాలు, కరువులు అన్నీ ఉన్నాయి. జనాభా వేగం వీటన్నిటినీ ఇంకా కష్టం చేసింది.

రైతు కుటుంబం మీద ఇది ఎలా కనిపిస్తుంది?

ఇది నేను కళ్లారా చూసింది, కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

మా తాతకు సాగర్ ఎడమ కాలువ కింద పన్నెండు ఎకరాలుండేవి. నలుగురు కొడుకులు, ముగ్గురు ఆడపిల్లలు. ఆడపిల్లలకు భూమి రాలేదు, ఆ రోజుల్లో అలాగే చేసేవారు, అది వేరే అన్యాయం. కొడుకులకు తలా మూడెకరాలు. మా నాన్న వాటా మాకు, అన్నదమ్ములిద్దరికీ, ఎకరంన్నర చొప్పున వచ్చింది. తాత భూమి పంచుకున్న రోజు గట్టు వేయడానికి తాడు పట్టి కొలుస్తుంటే, గట్టుకే రెండు అడుగుల వెడల్పు పోతుందని మా చిన్నాన్న, మా నాన్న మాటా మాటా అనుకున్నారు. తాత కాలంలో రెండు జతల ఎడ్లు, ఒక మోట బావి అందరికీ సరిపోయేవి. ఇప్పుడు ఆ పన్నెండు ఎకరాల్లో ఏడు బోర్లున్నాయి, ఎవరి బోరు వాళ్లదే, ఎవరి అప్పు వాళ్లదే. ఎకరంన్నరకు ట్రాక్టర్ కొంటే కిట్టదు, కొనకపోతే అదునుకు కిరాయి దొరకదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 1970-71లో దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు, 2015-16 నాటికి 1.08 హెక్టార్లకు పడిపోయింది. సగానికి సగం. ఇప్పుడు దేశంలో నూటికి 86 కమతాలు ఐదెకరాల లోపువే. బ్యాంకువాడు చిన్న కమతానికి అప్పిచ్చేటప్పుడు ఒకలా చూస్తాడు, వ్యాపారి ఒకలా చూస్తాడు. ఇంట్లో నలుగురు చేసే పని ఇద్దరితో అయిపోయేదైనా, బయట పని లేదు కాబట్టి నలుగురూ పొలంలోనే ఉంటారు. దేశ ఆదాయంలో వ్యవసాయం వాటా ఐదో వంతు కంటే తక్కువ, పనిచేసేవాళ్లలో మాత్రం నూటికి నలభై ఐదు మందికి ఇప్పటికీ అదే దిక్కు. పల్లెల్లో పేదరికం ఎందుకు పోదో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

జనం ఎక్కువైతే తిండి చాలదని మాల్థస్ అనే ఇంగ్లండ్ పండితుడు చెప్పాడు కదా, అది నిజమైందా?

కాలేదు, కానీ కాస్తలో తప్పింది. 1965, 66లలో వరుసగా వానలు పోయినప్పుడు మనం అమెరికా నుంచి ఒక్క ఏడాదిలో కోటి టన్నుల దాకా గోధుమలు తెచ్చుకున్నాం. ఓడ దిగిన గింజ నేరుగా నోట్లోకి వెళ్లే పరిస్థితి. బీహార్‌లో కరువు ప్రకటించారు. ఆ అవమానంలోంచే పొట్టి గోధుమ, పొట్టి వరి రకాలు, ఎరువులు, మద్దతు ధర, ఎఫ్‌సీఐ గోదాములు వచ్చాయి. 1950-51లో ఐదు కోట్ల టన్నులున్న ఆహారధాన్యాలు ఇప్పుడు ముప్పై మూడు కోట్ల టన్నులు దాటాయి. జనం కంటే గింజలు వేగంగా పెరిగాయి. రైతులు, శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని ఇది, మనం గర్వపడాలి.

బిల్లు మాత్రం నీళ్ల రూపంలో వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 1951లో తలకు ఏడాదికి 5,177 ఘనపు మీటర్ల నీళ్లుండేవి, 2011 నాటికి 1,545. వానలేమీ తగ్గలేదు, నదులేమీ మారలేదు, పంచుకునేవాళ్లు పెరిగారంతే. 1,700 కంటే తగ్గితే నీటి ఎద్దడి కింద లెక్క. పంజాబ్‌లో వరి కోసం పాతాళం నుంచి తోడుతున్నారు, మన దగ్గర బోరు మీద బోరు వేసి అప్పులపాలవుతున్నారు.

ఉద్యోగాల సంగతేమిటి?

రైల్వేలో 2019లో 35 వేల చిల్లర పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే కోటీ ఇరవై ఐదు లక్షల అప్లికేషన్లు వచ్చాయి. ఒక్కో పోస్టుకు మూడొందల యాభై మందికి పైగా. ఫలితాల్లో గందరగోళమని 2022 జనవరిలో బీహార్‌లో కుర్రాళ్లు పట్టాల మీదికి వచ్చి రైలు బోగీలకు నిప్పు పెట్టారు. చేసింది తప్పే. కానీ ఏళ్లకు ఏళ్లు పాట్నాలో ఒక గదిలో ఐదుగురు పడుకుని కోచింగ్ తీసుకున్నవాడి టెన్షన్ ఏమిటో మన హైదరాబాద్ అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉన్న పిల్లలకు తెలుసు.

2030 దాకా ఏటా దాదాపు 78 లక్షల ఉద్యోగాలు వ్యవసాయం బయట పుట్టాలని 2023-24 ఆర్థిక సర్వే చెప్పింది. ఇప్పుడు పని అడుగుతున్నవాళ్లు ఇరవై, ఇరవై ఐదేళ్ల కింద పుట్టినవాళ్లు. అంటే ఈ రోజు జననాలు తగ్గినా, పని కోసం క్యూ ఇంకా చాలా ఏళ్లు తగ్గదు.

బీహార్ వాళ్లు ఇక్కడికి ఎందుకొస్తున్నారు?

మా మిల్లులో ఇరవై ఏళ్ల కుర్రాడొకడున్నాడు, దర్భంగా వైపు. ఐదుగురు అక్కచెల్లెళ్లు, ఇద్దరు అన్నదమ్ములు. తండ్రికి ఉన్నది ఎకరం లోపు, అదీ ఏటా వరదలో మునిగేది. పదో తరగతి అయ్యాక ఊరి మనుషులతో కలిసి సికింద్రాబాద్ రైలెక్కాడు. యాభై కిలోల బస్తా వీపు మీద వేసుకుని పలక మీదుగా లారీలోకి ఎక్కుతాడు, దిగేటప్పుడు ఖాళీ చేతులు ఊపుకుంటూ పరుగెత్తుకొస్తాడు, మళ్లీ వంగుతాడు. సాయంత్రానికి మెడ దగ్గర చర్మం ఎర్రగా కమిలి ఉంటుంది. ఒకరోజు కూలి లెక్క రాస్తూ "ఊళ్లో ఇదే పని దొరికితే వెళ్లిపోతావా" అని అడిగాను. "సగం ఇచ్చినా వెళ్తా భయ్యా" అన్నాడు.

2011 లెక్కలో బీహార్‌లో చదరపు కిలోమీటరుకు 1,106 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 308. అది సారవంతమైన గంగ ఒడ్డు నేల, అయినా అంతమందిని ఒక్క సేద్యం మీద ఎలా పోషిస్తుంది? ఫ్యాక్టరీలు ఎందుకు రాలేదంటే దానికో కథ ఉంది. 1952 నుంచి నలభై ఏళ్ల పాటు బొగ్గు, ఉక్కు రవాణా ఖర్చును కేంద్రం అంతటా సమానం చేసింది. గనుల పక్కనున్న బీహార్‌కు ఉన్న ఒక్క లాభమూ దాంతో పోయింది, పరిశ్రమలు సముద్రం ఒడ్డు రాష్ట్రాల్లో పెరిగాయి. 2000లో జార్ఖండ్ విడిపోతే ఆ గనులు కూడా పోయాయి. మిగిలింది వరద, పొలం, జనం.

వాళ్లు మన పని లాక్కుంటున్నారని అనేవాళ్లకు ఒక్కటి చెప్తా. మన కుర్రాళ్లు ఈ పనికి రావడం ఎప్పుడో మానేశారు. మా వైపు ఇప్పుడు వరి నాట్లకు కూడా బీహార్, బెంగాల్ ముఠాలు వస్తున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో బయల్దేరింది. వాళ్లు వెళ్లాక మిల్లులు, అపార్ట్‌మెంట్ పనులు ఎలా ఆగిపోయాయో అందరం చూశాం.

పేదరికం వల్ల పిల్లలెక్కువా, పిల్లలెక్కువవడం వల్ల పేదరికమా?

రెండూ. పెన్షన్ లేని మనిషికి ముసలితనంలో కొడుకే పెన్షన్. అందుకే కొడుకు పుట్టేదాకా కనేవాళ్లు, ఒక్కడుంటే ఏమవుతాడోనని ఇంకొకడు. మా మిల్లు కుర్రాడికి ఐదుగురు అక్కచెల్లెళ్లు ఎందుకున్నారంటే వాడు నాలుగో కాన్పులో గానీ పుట్టలేదు. తర్వాత ఆ ఎనిమిది మందిలో ఎవరినీ పై చదువు చదివించలేకపోవడం, దాంతో మళ్లీ కూలికే వెళ్లడం.

ఆ చక్రం ఎక్కడ తెగుతుందంటే ఆడపిల్ల దగ్గర. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బడికే వెళ్లని స్త్రీకి సగటున 2.8 మంది పిల్లలు, ఇంటర్, ఆపైన చదివిన స్త్రీకి 1.8. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. చదువుకుంటే పెళ్లి కొన్నేళ్లు వెనక్కి పోతుంది, ఇంట్లో మాట చెల్లుతుంది, పుట్టిన బిడ్డ బతికే అవకాశం పెరుగుతుంది.

బీహార్‌లోనే చూడండి. 2006లో తొమ్మిదో తరగతి చేరిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోమని ప్రభుత్వం డబ్బిచ్చింది. ఊరికి హైస్కూల్ నాలుగైదు కిలోమీటర్లుంటే ఆడపిల్లను నడిపించి పంపని ఇళ్లు, గుంపుగా సైకిళ్ల మీద వెళ్తుంటే పంపాయి. 2005-06లో అక్కడ ఒక స్త్రీకి సగటున 4 మంది పిల్లలు, 2019-21కి 3. సైకిళ్ల వల్లే తగ్గిందని అనడం లేదు, కానీ అటువైపు నడిపించిన వాటిలో అదీ ఒకటి. ఇప్పటికీ అక్కడ 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 41 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయింది, చేయాల్సింది చాలా ఉంది.

మన తెలుగు రాష్ట్రాల్లో ఎలా తగ్గింది? మన దగ్గరా చదువు తక్కువే కదా?

మంచి ప్రశ్న. కేరళలో ఆడవాళ్ల చదువు, ఆరోగ్యం వల్ల తగ్గిందంటే ఒప్పుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో కూడా ఆడవాళ్ల అక్షరాస్యత 50 శాతమే. అయినా 1992-93లో 2.6 ఉన్న సగటు 2005-06 నాటికి 1.8కి వచ్చేసింది. రెండు రూపాయల బియ్యం, డ్వాక్రా సంఘాలు, ఊరూరికీ ఏఎన్‌ఎం, పిల్లల్ని ఇంగ్లీష్ మీడియంలో చదివించాలన్న ఆశ, ఇవన్నీ కలిశాయి. కానీ అసలు పని చేసింది ఆపరేషన్. చిన్న వయసులో పెళ్లి, ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే ఇద్దరు పిల్లలు, వెంటనే కు.ని. ఆపరేషన్. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. దేశం మొత్తం మీద మగవాళ్లు చేయించుకున్నది 0.3 శాతం. మగవాళ్లది పది నిమిషాల చిన్న పని, కోత కూడా పెద్దగా ఉండదు. "బరువులు ఎత్తలేను, బలం పోతుంది" అని ప్రతి ఇంట్లో మగవాళ్లు తప్పించుకున్నారు. నిజం కాని ఆ మాటకు ఆడవాళ్లు కడుపు మీద కోతతో జవాబిచ్చారు.

2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజు క్యాంపులో 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. చిన్న చిన్న పిల్లలున్న తల్లులు. 2014లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌లో కొన్ని గంటల్లో 83 మందికి చేసినప్పుడు పదిమందికి పైగా పోయారు. ఈ క్యాంపుల పద్ధతి ఆపాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. మన జనాభా తగ్గిన గ్రాఫ్ చూసినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఇద్దరి కంటే ఎక్కువ కంటే శిక్ష వేసే చట్టం తెస్తే సరిపోదా?

చేసి చూశాం. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, ఎక్కువమంది మగవాళ్లు, ఎంతోమందిని బలవంతంగా. టీచర్లకు టార్గెట్లు, జీతాలు ఆపడం, ఊళ్లకు పోలీసులు. దాని ఫలితం ఏమిటంటే 1977 ఎన్నికల్లో ప్రభుత్వం పోయింది, మగవాళ్ల ఆపరేషన్ అంటేనే దేశమంతా భయం పట్టుకుంది, ఆ బరువు అప్పటి నుంచి ఆడవాళ్ల మీదికి మారిపోయింది.

మన ఉమ్మడి రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరు పిల్లల నిబంధన పెట్టారు, 1995 మే తర్వాత మూడో బిడ్డ పుడితే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదు. మా మండలంలో ఒకాయన మూడో బిడ్డను బావమరిది పేరు మీద రాయించాడు. ఆ పిల్ల పెద్దదయ్యాక సర్టిఫికెట్లలో తండ్రి పేరు మార్చుకోలేక ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. 2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన తీసేసింది.

1974లో బుకారెస్ట్‌లో జరిగిన ప్రపంచ జనాభా సభలో మన దేశం తరఫున అప్పటి ఆరోగ్య మంత్రి కరణ్ సింగ్ అభివృద్ధే అన్నిటికంటే మంచి గర్భనిరోధకం అన్నారు. రెండేళ్లు తిరక్కుండానే ఆయన మంత్రిగా ఉన్న ప్రభుత్వమే పైన చెప్పిన పని చేసింది. మాట మాత్రం నిజం.

ఒక మతం వాళ్ల వల్లే పెరుగుతోందంటారు, నిజమేనా?

1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, 2019-21లో 2.4 లోపు. హిందువుల్లో 3.3 నుంచి 1.9కి వచ్చింది. అందరికంటే వేగంగా తగ్గింది ముస్లింలలోనే. బీహార్ హిందూ కుటుంబాల సగటు కేరళ ముస్లిం కుటుంబాల సగటు కంటే ఎక్కువ. బడి, ఆసుపత్రి ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే తేడా తెస్తోంది. ఈ పేరుతో మనుషుల మధ్య పెట్టే గొడవలకు ఈ అంకెల్లో ఆధారం లేదు.

పక్క దేశాల్లో ఎవరన్నా పేదగా ఉండగానే తగ్గించారా?

బంగ్లాదేశ్. ఈ పోలిక నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇంత శుభ్రమైన పోలిక దొరకదు. 1971 దాకా పాకిస్తాన్, బంగ్లాదేశ్ ఒకే దేశం. 1951లో తూర్పు వైపు 4.2 కోట్లు, పశ్చిమం వైపు 3.4 కోట్లు, అంటే తూర్పువాళ్లే ఎక్కువ. ఇప్పుడు బంగ్లాదేశ్ 17 కోట్లు, పాకిస్తాన్ 2023 లెక్కలో 24 కోట్లు.

విడిపోయినప్పుడు బంగ్లాదేశ్‌లో యుద్ధం, తుపాను, కరువు. ఒక స్త్రీకి ఆరుగురికి పైగా పిల్లలు. అక్కడి ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఊరి ఆడవాళ్లనే వర్కర్లుగా తీసుకుని ఇంటింటికీ పంపాయి. గడప దాటి బయటికి రాని ఆడవాళ్ల దగ్గరికి వాళ్లే వెళ్లి మాత్రలు, ఇంజెక్షన్లు ఇచ్చారు, బిడ్డకు విరేచనాలైతే ఉప్పు, బెల్లం నీళ్లు కలపడం నేర్పారు. తర్వాత బట్టల ఫ్యాక్టరీలు వచ్చి లక్షల మంది అమ్మాయిలకు జీతం దొరికింది. సగటు 2.3 దాకా దిగింది. పాకిస్తాన్‌లో 2017-18 సర్వేలో ఇంకా 3.6. అక్కడ బడి బయట ఉన్న పిల్లలు రెండున్నర కోట్ల పైమాటే, ఏ ప్రభుత్వమొచ్చినా అంతమందికి గదులు, టీచర్లు ఎక్కడి నుంచి తెస్తుంది? ఒకప్పుడు పేదవాడనుకున్న బంగ్లాదేశ్ తలసరి ఆదాయంలో పాకిస్తాన్‌ను దాటింది.

సగటు ఇద్దరికి వచ్చేసిందంటున్నారు, మరి జనాభా ఇంకా ఎందుకు పెరుగుతోంది?

నిన్నటి పిల్లలు ఈ రోజు తల్లిదండ్రులు కాబట్టి. తలకు ఇద్దరినే కన్నా, కనే జంటలే కోట్లలో ఉన్నాయి. బ్రేక్ వేసినా రైలు కొంత దూరం పోయి గానీ ఆగదు. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం మన జనాభా 2060ల మొదట్లో 170 కోట్ల దగ్గర ఆగి, తర్వాత తగ్గుతుంది.

ఇప్పుడు నాయకులు ఎక్కువమందిని కనమంటున్నారు, ఏది నమ్మాలి?

వాళ్ల భయం అబద్ధం కాదు. దక్షిణాదిలో ముసలివాళ్ల శాతం పెరుగుతోంది. లోక్‌సభ సీట్ల లెక్క 1971 జనాభా దగ్గర 1976లో ఆపేశారు, ఆ గడువు 2026 తర్వాత జరిగే మొదటి జనగణనతో తీరుతుంది. జనాభా తగ్గించినవాళ్లకే సీట్లు తగ్గితే అది అన్యాయమని నేనూ అంటాను. కేంద్ర పన్నులు రాష్ట్రాలకు పంచే లెక్కలో పదిహేనో ఆర్థిక సంఘం జనాభా అదుపు చేసిన రాష్ట్రాలకు 12.5 శాతం వెయిటేజీ ఇచ్చింది, అలాంటి దారులు వెతకాలి.

కానీ ఆ లెక్కలు సరిచేయడానికి ఆడవాళ్లను ఇంకో బిడ్డను కనమనడం నాకు నచ్చలేదు. మొన్నటిదాకా "ఇద్దరు చాలు, ఆపరేషన్ చేయించుకో" అన్నది వాళ్లనే. ఇప్పుడు "ముగ్గురిని కను" అంటున్నదీ వాళ్లనే. దక్షిణాదిలో పనిచేసే చేతులు తగ్గుతున్నాయి, బీహార్‌లో చేతులకు పని లేదు. మా మిల్లులో ఈ రెండూ ఎప్పుడో కలిశాయి. వచ్చినవాళ్లకు గాలి ఆడే గది, ఇక్కడే రేషన్, ఇక్కడే పిల్లలకు బడి ఇస్తే అందరికీ మేలు.

వచ్చే జనగణన ఎప్పుడు?

2021లో జరగాల్సింది కోవిడ్‌తో వాయిదా పడింది. ఇప్పుడు 2027 మార్చి 1ని ఆధారంగా తీసుకుని చేస్తున్నారు. ఎన్యూమరేటర్ వస్తే ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరినీ, వలస వచ్చిన కూలీలతో సహా రాయించండి. రేషన్ కోటా, బడులు, ఆసుపత్రులు అన్నీ ఆ లెక్క మీదే వస్తాయి.

మీ మిల్లు కుర్రాడి అక్కచెల్లెళ్ల సంగతేమైంది?

నలుగురికి పెళ్లిళ్లయిపోయాయి, అందరికీ పద్దెనిమిది లోపే. ఆఖరి అమ్మాయి ఇంటర్ చదువుతోంది. పోయిన సంక్రాంతికి ముందు తండ్రి ఫోన్ చేసి సంబంధం వచ్చిందన్నాడు. వీడు లారీ పక్కకు వెళ్లి అరగంట మాట్లాడాడు. పెళ్లి కాకుండా ఇంటర్ పాసైన అమ్మాయికి బీహార్ ప్రభుత్వం ఇరవై ఐదు వేలిస్తుంది, డిగ్రీ అయితే యాభై వేలు. ఆ సంగతి తండ్రికి మూడుసార్లు చెప్పాడు, ఫీజు నేను పంపుతానన్నాడు. తిరిగొచ్చి "రెండేళ్లు ఆగుతానన్నాడు భయ్యా" అని, ఆ వారం కూలిలో రెండు వేలు అప్పుడే ఊరికి వేయమని నా చేతిలో పెట్టాడు.